చుట్టపుచూపు వీసా... కొలువుల వేట

‘విజిట్ మీద పో తమ్మీ. ఆడికి పోయినంక కంపెనోళ్లే వీసా కొడ్తరు.’

జగిత్యాల, నిర్మల్, నిజామాబాద్, సిరిసిల్ల పల్లెల్లో ఈ మాట చెవిన పడని ఇల్లు అరుదు. కడప, రాయచోటి, కోనసీమ వైపు యాస మారుతుంది గానీ హామీ మాత్రం అదే. చెప్పేవాడు తెలియనివాడేమీ కాదు. వరసకు బావో, బాబాయో, పదేళ్లు దుబాయ్‌లో ఉండి వచ్చిన పక్క ఊరి పెద్దమనిషో అయి ఉంటాడు. అందుకే నమ్మి పాస్‌పోర్టు అతని చేతిలో పెడతారు. పట్టాదారు పాసుపుస్తకమో, పుస్తెలతాడో కుదువపెట్టి, నూటికి రెండు మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బూ ఇచ్చేస్తారు. కొన్నాళ్లకు ఫోన్‌కు ఒక కాగితం వస్తుంది. దాని మీద 30 రోజులనో 60 రోజులనో రాసి ఉంటుంది. అది టూరిస్టు వీసా అని ఇంట్లో చదువుకున్న పిల్లలు చెప్పేసరికే విమానం టికెట్ కూడా కొనేసి ఉంటారు.

ఆ హామీలో కొంత నిజం ఉండటమే అసలు చిక్కు. యూఏఈలో విజిట్ వీసా మీద దిగినవాడిని ఒక కంపెనీ తీసుకుంటే, ప్రభుత్వానికి రుసుము కట్టి అక్కడే ఉద్యోగ వీసాకు మార్చుకోవచ్చు. అలా మారి స్థిరపడిన తెలుగువాళ్లు ప్రతి ఊళ్లోనూ ఒకరిద్దరు కనిపిస్తారు. అకౌంటెంట్లు, ఏసీ మెకానిక్కులు, అనుభవమున్న ఎలక్ట్రీషియన్లు, హిందీనో ఇంగ్లిషో ధారాళంగా మాట్లాడగలిగి రెండు నెలలు ఉండటానికి అన్నదమ్ముల గది ఉన్నవాళ్లు ఈ దారిలో నెగ్గుకొచ్చారు. వాళ్ల పేరు చెప్పే ఏజెంటు, అప్పటిదాకా పలుగూ పారా తప్ప మరొకటి పట్టని పాతికేళ్ల కుర్రాడిని కూడా అదే విమానం ఎక్కిస్తున్నాడు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకే కాగితమైనా, వెనక ఉన్న ఆసరా ఒకటి కాదు. వీసా మారేదాకా అక్కడి చట్టం దృష్టిలో వాళ్లు అతిథులే. ఒక్క రోజు పనిచేసినా నేరమే. ఆ పనికి జీతం ఎగ్గొడితే అడగడానికి కార్మికుడన్న రుజువే ఉండదు.

ఏజెంటుకు విజిట్ వీసాయే ఎందుకు ముద్దు?

దీని వెనక ఒక లెక్క ఉంది. మన దేశంలో విదేశీ ఉపాధిని నడిపిస్తున్నది 1983 నాటి వలస చట్టం. పదో తరగతి పాసవ్వనివారికి సాధారణంగా ఈసీఆర్ (వలస తనిఖీ తప్పనిసరి) పాస్‌పోర్టు ఇస్తారు. వాళ్లు గల్ఫ్ దేశాలతో పాటు మలేసియా, జోర్డాన్, లెబనాన్, ఇరాక్ వంటి నిర్దేశిత దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తప్పనిసరి. ఈ తతంగమంతా ‘ఈ-మైగ్రేట్’ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో సాగుతుంది. అవతలి యజమాని అందులో నమోదు కావాలి. పని ఏమిటో, జీతం ఎంతో, ఉండే చోటు ఎక్కడో ఒప్పందంలో రాయాలి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల బీమా తీసుకోవాలి. దానికి ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు మాత్రమే. లైసెన్సున్న ఏజెంటు కార్మికుడి దగ్గర తీసుకోదగిన గరిష్ఠ రుసుము 30 వేలు. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400 రూపాయలు. రసీదు ఇవ్వాలి, డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోవాలి.

విజిట్ వీసాతో ఇవన్నీ ఒక్క దెబ్బకు పక్కకు పోతాయి. ఒప్పందం అక్కర్లేదు, బీమా లేదు, రసీదు అసలే లేదు. 35,400 దగ్గర ఆగాల్సిన వసూలు లక్ష దాటుతుంది. లైసెన్సు లేని సబ్‌ఏజెంటు కూడా ఒక ట్రావెల్స్ దుకాణం పెట్టుకుని ఈ పని చేసేయగలడు. పట్టుబడితే ‘నేను టూరిస్టు వీసా మాత్రమే ఇప్పించాను, పని సంగతి నాకు తెలియదు’ అంటాడు. అవతల కంపెనీకీ ఇది లాభమే. మనిషిని తీసుకురావడానికి అయ్యే ఖర్చు యజమానే భరించాలని, కార్మికుడి దగ్గర పైసా తీసుకోకూడదని యూఏఈ 2021 నాటి కార్మిక చట్టం చెబుతోంది. విజిట్ మీద సొంత డబ్బుతో వచ్చి గుమ్మంలో నిలబడినవాడి విషయంలో ఆ ఖర్చే ఉండదు. నెలా రెండు నెలలు ‘ట్రయల్’ పేరిట పని చేయించుకుని, గడువు దగ్గరపడగానే పొమ్మన్నా అడిగేవాడు లేడు. ఒక యజమాని, ఒక మధ్యవర్తి మోయాల్సిన బరువంతా నిజామాబాద్ జిల్లాలోని ఒక కౌలురైతు కొడుకు మీద పడుతోంది. ఈ వ్యాపారం మూలం ఇదే. కుర్రాళ్ల అమాయకత్వం గురించి మాట్లాడే ముందు ఈ లెక్క గురించి మాట్లాడాలి.

కౌంటరు ముందు రెండు నిమిషాలు

శంషాబాద్ విమానాశ్రయం. ఇమిగ్రేషన్ వరుసలో నిలబడిన కుర్రాడి చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు. అందులో విజిట్ వీసా కాపీ, హోటల్ బుకింగ్, తిరుగు టికెట్. ఫోన్లో వాట్సాప్‌లో వచ్చిన ‘ఆఫర్ లెటర్’ ఉంది. దాన్ని మాత్రం ఎవరికీ చూపించవద్దని ఏజెంటు ముందే చెప్పాడు. ఎవరి దగ్గరికి వెళ్తున్నావు, ఎన్ని రోజులు ఉంటావు, ఏమేం చూస్తావు, జేబులో ఎంత ఉంది... అధికారి అడిగే ప్రశ్నలకు జవాబులు రాత్రంతా బట్టీ పట్టినవే. ‘మా అన్న దగ్గరికి పోతున్న సార్, బుర్జ్ ఖలీఫా చూసి వస్త.’ ఆ తిరుగు టికెట్ అవసరం తీరగానే రద్దయిపోతుంది. హోటల్ గదిలో అతను ఒక్క రాత్రి కూడా పడుకోడు.

అనుమానం వస్తే అక్కడే ఆపేస్తారు. ఆపితే డబ్బు వెనక్కి రాదు. ‘ఈసారి ముంబయి నుంచి పంపిస్తా’ అంటాడు ఏజెంటు. లోపలి మనుషులను మచ్చిక చేసుకుని కౌంటరు దాటించడానికి ఈ వ్యాపారంలో ‘పుషింగ్’ అనే పేరే ఉంది. అటు దుబాయ్ కూడా కట్టుదిట్టం చేసింది. హోటల్ బుకింగ్, తిరుగు టికెట్, ఖర్చులకు 3 వేల దిర్హాంలు చూపించాలన్న నిబంధనను 2024 నుంచి గట్టిగా అమలు చేస్తోంది. అవి లేక ఇక్కడే విమానం ఎక్కలేక ఆగిపోయినవాళ్లున్నారు, అక్కడి దాకా వెళ్లి అదే విమానంలో తిరిగొచ్చినవాళ్లూ ఉన్నారు.

కౌంటరు దగ్గర ‘చూడటానికి వెళ్తున్నా’ అని చెప్పిన ఆ ఒక్క మాట తర్వాత రోజుల్లో వెంటాడుతుంది. మోసపోయి ఫిర్యాదు చేయబోతే, నువ్వే కదా టూరిస్టునని చెప్పి వెళ్లావు అన్న ప్రశ్న ముందుకొస్తుంది. బాధితుడి నోటితోనే ముందుగా అబద్ధం చెప్పించడం ఏజెంటుకు పెట్టని కోట.

డేరాలో రోజుల లెక్క

దిగిన మర్నాటి నుంచే పరుగు మొదలవుతుంది. దుబాయ్ డేరాలోనో సత్వాలోనో, షార్జా రోల్లాలోనో ఒక గదిలో ‘బెడ్ స్పేస్’ దొరుకుతుంది. రెండంతస్తుల ఇనుప మంచాలు, ఒక్కో మంచానికి ఒక్కో అద్దె, గోడకు తగిలించిన సంచుల్లో ఒక్కో మనిషి సంసారం. పొద్దున్నే బయోడేటా జిరాక్సులు పట్టుకుని ‘వాకిన్ ఇంటర్వ్యూ’ల కోసం మెట్రోలో తిరగాలి. చాలాచోట్ల అడిగే మొదటి ప్రశ్న ‘ఏ వీసా మీద ఉన్నావు, ఇంకా ఎన్ని రోజులుంది?’ అని. మిగిలిన రోజులు తగ్గుతున్నకొద్దీ బేరమాడే శక్తీ తగ్గుతుంది. మొదటి వారంలో 1,500 దిర్హాంలకు తక్కువైతే చేయనన్నవాడు ఏడో వారంలో 900కీ తలూపుతాడు.

గడువు ముగిశాక ఉంటే రోజుకు 50 దిర్హాంల జరిమానా. మన డబ్బులో వెయ్యి రూపాయల పైమాటే. నెలకు 1,500 దిర్హాంలు అవుతుంది. హెల్పర్ పనికి నెల జీతం అంత రాదు. అంటే ఒక నెల ఎక్కువ ఉన్నవాడు, ఆ నెలంతా పనిచేసినా జరిమానా కట్టలేడు. ఒకప్పుడు వీసా మార్చుకోవడానికి ఇరాన్‌కు చెందిన కిష్ దీవికి వెళ్లి రోజుల తరబడి కాచుకునేవారు. ఇప్పుడు మస్కట్‌కో మరో పొరుగు నగరానికో విమానంలో వెళ్లి, కొత్త విజిట్ వీసాతో వెంటనే తిరిగొచ్చే పద్ధతి ఉంది. దానికీ డబ్బు కావాలి. ఆ డబ్బు మళ్లీ ఊరి నుంచే రావాలి. అమ్మానాన్నలు ఎదురు పంపే డబ్బుతో దుబాయ్‌లో బతకడం ఎంత సిగ్గుగా ఉంటుందో, అందుకే ఎంతమంది ఇంటికి నిజం చెప్పరో ఆ గదుల్లో ఉన్నవాళ్లకు తెలుసు.

చివరికి కొందరు ‘ఖల్లివెల్లి’ అవుతారు. కాగితాలు లేకుండా దొరికిన చోట, దొరికిన కూలికి పనిచేసేవాళ్లను గల్ఫ్‌లో మనవాళ్లు పిలుచుకునే పేరు అది. జబ్బు చేస్తే ఆస్పత్రి గడప తొక్కలేరు. ఇంట్లో పెళ్లి జరిగినా చావు జరిగినా రాలేరు. వాళ్లకు మిగిలే దారి ప్రభుత్వం ఎప్పుడో ఒకసారి ప్రకటించే క్షమాభిక్ష. యూఏఈ 2007లో, 2012 డిసెంబరులో, 2018లో, మళ్లీ 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఆమ్నెస్టీ ఇచ్చింది. కువైట్ కూడా 2018లో, 2020లో, 2024లో ఇచ్చింది. ప్రతిసారీ రాయబార కార్యాలయం ముందు అవుట్‌పాస్ (స్వదేశానికి తిరిగొచ్చే తాత్కాలిక పత్రం) కోసం బారులు తీరినవారిలో తెలుగువాళ్లు కనిపించారు.

2024 ఆగస్టులో యూఏఈ మరో అడుగు వేసింది. అనుమతి లేకుండా మనిషిని పనిలో పెట్టుకున్నా, ఉద్యోగం చూపకుండా దేశంలోకి రప్పించినా యజమానికి లక్ష నుంచి 10 లక్షల దిర్హాంల దాకా జరిమానా పడేలా చట్టాన్ని సవరించింది. మంచి మార్పే. అయితే దీనివల్ల భయపడిన యజమాని విజిట్ వీసా మీద ఉన్నవాడిని లోపలికే రానివ్వడం లేదు. రానిచ్చినవాడు తనిఖీ వస్తోందంటే వెనక తలుపు నుంచి పంపేస్తాడు. ఊళ్లోని ఏజెంటు చెప్పే మాట మాత్రం పాతదే.

సౌదీలో ఆ మాత్రం వెసులుబాటు కూడా లేదు. అక్కడ టూరిస్టు వీసా మీద దిగి ఉద్యోగ వీసాకు మార్చుకోవడం కుదిరే పని కాదు. ఆ దేశానికి విజిట్ మీద పంపిస్తానన్నవాడు ఆదిలోనే అబద్ధం చెబుతున్నట్టు.

ఆడవాళ్ల కథ ఇంకా బరువైనది. ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఇంటి పనికి వెళ్లే మహిళకు 30 ఏళ్లు నిండి ఉండాలని మన నిబంధన. వయసు చాలనివారిని, అనుమతి ప్రక్రియ దాటించాలనుకున్నవారిని విజిట్ వీసా మీద దుబాయ్ చేర్చి, అక్కడి ఏజెంటు ఆఫీసులో కూర్చోబెట్టి, ఒమన్ వంటి పొరుగు దేశాల ఇళ్లకు పంపడం ఏళ్ల తరబడి సాగుతోంది. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి వెళ్లిన ఎందరో తల్లులు తాము ఏ దేశంలో ఉన్నారో కూడా తెలియక ఫోన్ వీడియోల్లో ఏడుస్తూ మొరపెట్టుకున్నారు. పని మానేస్తానంటే, నీ కోసం కట్టిన డబ్బు తిరిగి ఇచ్చి పొమ్మంటారు. వాళ్లు ఆ ఇంట్లో ఉన్నారన్న సంగతి మన ప్రభుత్వ రికార్డుల్లో ఎక్కడా ఉండదు.

తూర్పు వైపు తిరిగిన విమానం

గత కొన్నేళ్లలో ఈ కథ మరో మలుపు తిరిగింది. ఈసారి వల పడింది డిగ్రీ, బీటెక్ చదివిన పిల్లల మీద. థాయ్‌లాండ్ 2023 నవంబరులో భారతీయులను వీసా లేకుండానే రానివ్వడం మొదలుపెట్టింది. బ్యాంకాక్‌లో డిజిటల్ మార్కెటింగ్, సింగపూర్‌లో డేటా ఎంట్రీ, కంబోడియాలో కంప్యూటర్ ఆపరేటర్ అంటూ టెలిగ్రామ్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ప్రకటనలు పుట్టుకొచ్చాయి. టూరిస్టులుగా దిగినవారిని మయన్మార్ సరిహద్దు పట్టణం మ్యావడీకి దాటించారు, కంబోడియాలోని సిహనౌక్‌విల్‌కు చేర్చారు. అక్కడ పాస్‌పోర్టు లాక్కుని, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, మన దేశంలోని మనవాళ్లనే ఆన్‌లైన్‌లో మోసం చేసే పని అప్పగించారు. చేయనంటే చీకటి గది, కొట్టడం, తిండి లేకపోవడం.

ఈ ముఠాల గురించి విదేశాంగ శాఖ 2022 సెప్టెంబరులోనే హెచ్చరిక జారీ చేసింది. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు స్థానిక ఏజెంట్లను అరెస్టు చేయడంతో తెలుగునాట దీని లోతు బయటపడింది. విశాఖ ఒక్క ప్రాంతం నుంచే 150 మంది దాకా వెళ్లారని తేలింది. అదే నెల 20న సిహనౌక్‌విల్‌లో దాదాపు 300 మంది భారతీయులు తిరగబడ్డారు. తర్వాత రాయబార కార్యాలయం తొలి విడతలో 60 మందిని వెనక్కి పంపింది. 2022 జనవరి నుంచి 2024 మే దాకా విజిట్ వీసాల మీద కంబోడియా, థాయ్‌లాండ్, మయన్మార్, వియత్నాం వెళ్లి తిరిగిరాని భారతీయులు 29,466 మంది అని ఇమిగ్రేషన్ శాఖ లెక్క తీసింది. అందరూ ముఠాల చేతిలోనే ఉన్నారని దీని అర్థం కాదు గానీ, వారిలో సగానికి పైగా 20 నుంచి 39 ఏళ్ల వయసువారు. 2025 మార్చిలో థాయ్‌లాండ్‌లోని మే సాట్ నుంచి వైమానిక దళ విమానాల్లో రెండు రోజుల్లో ఇలా చిక్కుకున్న 549 మందిని తీసుకొచ్చారు. వారిలో తెలుగువారూ ఉన్నారు.

రష్యా సంగతి వేరే విషాదం. హెల్పర్ ఉద్యోగమని నమ్మి వెళ్లిన హైదరాబాద్ యువకుడొకరు ఉక్రెయిన్ యుద్ధరంగంలో మరణించినట్టు 2024 మార్చిలో మన రాయబార కార్యాలయం ధ్రువీకరించింది. ఆ నెలలోనే ఏజెంట్ల మీద సీబీఐ కేసు పెట్టింది.

వెతకడం నేరం కాని చోట్లు

విదేశంలో ఉద్యోగం వెతుక్కోవడంలో తప్పేమీ లేదు. చట్టబద్ధమైన దారులు లేకపోలేదు. యూఏఈలోనే 2022 అక్టోబరు నుంచి ఉద్యోగాన్వేషణకు ప్రత్యేక విజిట్ వీసా ఉంది. 60, 90, 120 రోజులకు ఇస్తారు, ఎవరి స్పాన్సర్‌షిప్పూ అక్కర్లేదు. కానీ డిగ్రీ ఉండాలి, సాధారణంగా నైపుణ్య ఉద్యోగాల శ్రేణిలో పైన ఉండాలి. తాపీ మేస్త్రీకి ఆ తలుపు తెరుచుకోదు. జర్మనీ 2024 జూన్‌లో ‘ఆపర్చునిటీ కార్డు’ తెచ్చింది. చదువు, అనుభవం, భాష, వయసు వంటివాటికి పాయింట్లు వేసి, ఆరు వచ్చినవారికి ఏడాది పాటు ఉండి వెతుక్కునే వీలిస్తోంది. వెతికే కాలంలో వారానికి 20 గంటలు పనిచేసుకోవచ్చు కూడా.

అమెరికాలో బీ-1, బీ-2 వీసాల మీద ఉన్నవారు ఉద్యోగానికి దరఖాస్తు చేయవచ్చని, ఇంటర్వ్యూలకు వెళ్లవచ్చని అక్కడి వలస సేవల విభాగం 2023 మార్చిలో స్పష్టం చేసింది. హెచ్-1బీ ఉద్యోగం పోయి 60 రోజుల గడువు తరుముతున్న ఎందరో తెలుగు ఇంజినీర్లకు ఇది ఊరటనిచ్చింది. అయితే పనికి తగిన స్టేటస్ వచ్చేదాకా ఒక్క రోజు కూడా పనిలో చేరకూడదు. కొత్తగా ఇక్కడి నుంచి వెళ్లేవారు ‘ఉద్యోగం వెతకడానికి వచ్చా’ అని విమానాశ్రయంలో చెబితే అక్కడి నుంచే వెనక్కి పంపే అధికారం అధికారులకు ఉంది.

మరికొన్ని తలుపులు మూసుకుపోయాయి. విజిటర్‌గా వచ్చినవారు దేశంలో ఉండగానే వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు చేసుకునే ఏర్పాటును కెనడా 2024 ఆగస్టు 28న ఎత్తేసింది. టూరిస్టుగా వచ్చి పనిలో కుదిరి తర్వాత నివాస అనుమతి పొందే వీలును పోర్చుగల్ అదే ఏడాది జూన్‌లో రద్దు చేసింది. మన కన్సల్టెన్సీల కరపత్రాల మీద ఈ తేదీలు కనిపించవు.

చేయాల్సింది ఇంకా ఉంది

తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల పరిహారం ప్రకటించింది, ప్రవాసుల ఫిర్యాదుల కోసం ప్రజాభవన్‌లో ‘ప్రవాసీ ప్రజావాణి’ మొదలుపెట్టింది. ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నేరుగా ఉద్యోగాలకు పంపుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రవాస తెలుగువారి సంస్థ ఏపీఎన్‌ఆర్‌టీ చిక్కుకున్నవారిని వెనక్కి తెచ్చే పని చూస్తోంది. ఇవన్నీ అవసరమే. కానీ ఎక్కువ భాగం జరగాల్సిన నష్టం జరిగాక అందే సాయం. లైసెన్సు లేకుండా విదేశీ కొలువులకు మనుషులను పంపడం 1983 చట్టం కింద నేరం. ఆ నేరం మండల కేంద్రాల్లో, బస్టాండు పక్కన బోర్డు పెట్టి మరీ సాగుతోంది. చనిపోయినవాడి ఇంటికి చెక్కు తీసుకెళ్లే అధికారులే ఆ బోర్డు ముందు నుంచి వెళ్తున్నారు. అక్కడ ఆగి, లైసెన్సు చూపించమని అడగాల్సిన బాధ్యత పోలీసులది, రెవెన్యూ యంత్రాంగానిది.

మరొక చిన్న సంగతి. ఉద్యోగ ఒప్పంద పత్రాన్ని కార్మికుడికి తెలిసిన భాషలో చూపించి సంతకం తీసుకోవాలని యూఏఈ 2016 జనవరి నుంచి నియమం పెట్టింది. అందుకు 11 భాషలను ఎంచుకుంది. హిందీ, తమిళం, మలయాళం, బెంగాలీ, నేపాలీ ఉన్నాయి. లక్షల మంది మనవాళ్లు చెమటోడ్చిన ఆ దేశం ఎంచుకున్న జాబితాలో తెలుగు లేదు. దాన్ని చేర్పించమని రెండు రాష్ట్రాలూ కేంద్రం ద్వారా గట్టిగా అడగాలి.

ఇక మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఎవరైనా విమానం ఎక్కే ఏర్పాట్లలో ఉంటే, ఒక్కసారి ఆ వీసా కాగితం అడిగి తీసుకుని చదవండి. విజిట్, టూరిస్టు అని ఉంటే అది ఉద్యోగ వీసా కాదు, ఏజెంటు ఎంత దగ్గరి బంధువైనా సరే. అతనికి లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఎవరైనా చూసుకోవచ్చు. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి, రసీదు అడగండి. ఉద్యోగ వీసా, తెలిసిన భాషలో ఒప్పందం, బీమా పత్రం ఈ మూడూ చేతికి వచ్చేదాకా పాస్‌పోర్టునూ పైసలనూ చేయి దాటనీయకండి.